బిళ్ళకు ఏడు గ్రాములు

మా ఆవిడ దొంగ కాదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఆమెను దొంగ అన్నవాణ్ణి నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి కూతురూ అల్లుడూ వింటుండగా అన్నాను.

నేను పాల చాక్లెట్లు చేసే కార్ఖానాలో వంట మేస్త్రిని. కార్ఖానా అంటే పొగగొట్టాలూ సైరనూ ఊహించుకునేరు. పదకొండు మందిమి, రెండు రుబ్బుడు యంత్రాలు, ఒక చల్లగది, బిళ్ళలకు కాగితాలు చుట్టే పొడుగుబల్ల. అంతే. కోకో ముద్ద, కోకో వెన్న, పాలపొడి, చక్కెర యంత్రంలో వేసి, నాలుకకు ఇసుక తగలనంతవరకు రుబ్బుతాం. వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి గోడకు థర్మామీటరు ఉంది. అది నన్ను అడిగి చెబుతుంది. నేను ఒక చుక్క కింది పెదవికి రాసుకుంటే చాలు, అర డిగ్రీ తేడా కూడా పట్టేస్తాను. అచ్చుల్లో పోసి కుదిపి చల్లారనిస్తే ఇరవై గ్రాముల బిళ్ళలు టపటపా ఊడిపడతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని.

మా ఆవిడ కాజాలు కుడుతుంది. దర్జీలు చొక్కాలు మూటగట్టి మా ఇంటికి పంపిస్తే, బొత్తాం పట్టే చోటల్లా చేత్తో కాజా కుట్టి పంపుతుంది. యంత్రం మీద కుట్టిన కాజా చూపిస్తే ఎలక కొరికిందా అని అడుగుతుంది. ఆమెకు పన్నెండేళ్ళుగా చక్కెర జబ్బు. రెండేళ్ళుగా రెండు కళ్ళకూ పొరలు. ముందు సూదిలో దారం ఎక్కించలేకపోయింది. తర్వాత తెల్లచొక్కా మీద తెల్లదారం కనబడటం మానేసింది. చివరికి కాజాని గోటితో తడుముకుంటూ కుట్టడం మొదలుపెట్టింది. దర్జీలు మూటలు తగ్గించారు.

కళ్ళ డాక్టరు పొర తీసేస్తానన్నాడు. కానీ షరతు పెట్టాడు. మూడు నెలల చక్కెర సరాసరి ఎనిమిదికి దిగితేనే కత్తి ముట్టుకుంటానన్నాడు. మొదటిసారి తొమ్మిదిన్నర వచ్చింది. తేదీ మార్చాడు. మూడు నెలలాగి మళ్ళీ చూస్తే తొమ్మిదింబావు. మళ్ళీ మార్చాడు. మూడోసారి తొమ్మిదీ ఆరు.

"అమ్మా, మీరు దాచి ఏదో తింటున్నారు," అన్నాడు డాక్టరు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"నేను తినేదంతా రాసిస్తున్నాను బాబూ," అంది ఆమె.

నిజమే, రాస్తుంది. ఏడాది కిందట ఆసుపత్రి నర్సమ్మ నేర్పించింది. తినే ప్రతిదాంట్లో పిండిపదార్థం ఎన్ని గ్రాములో చూసుకోవాలి, ఏడు గ్రాములకు ఒక యూనిట్ చొప్పున ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మా ఆవిడ కాజాలు కుట్టినంత శ్రద్ధగా అది పట్టుకుంది. కంచంలో ఏది పడినా తూకం వేసేది. కూతురు సలహా మీద ఆ కంచంలోంచి సగం తీసేశాం కూడా. ఒక్కటి మాత్రం వదల్లేదు. పొద్దున పదింటికి టీతో రెండు బిళ్ళలు, సాయంత్రం నాలుగింటికి రెండు. మా కార్ఖానావి. నా చేత్తో చేసినవి. చుట్టిన కాగితం మీద ఆకుపచ్చ అక్షరాలతో 'మామూలు కన్నా తక్కువ చక్కెర' అని ఉంటుంది. వెనక అంకెలుంటాయి. భూతద్దం పెట్టుకుని చదివేది. బిళ్ళకు ఏడు గ్రాములు. బిళ్ళకు ఒక యూనిట్. "దేవుడు నాకోసమే కొలిచినట్టు ఉంది," అనేది.

ఆ దేవుణ్ణి నేనే. తర్వాత చెబుతాను.

మూడోసారి ఆసుపత్రి నుంచి నేరుగా కూతురింటికి వెళ్ళాం. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది నాకు. ఆమె చెప్పులు విప్పుతుండగానే, ఎక్కడికెళ్ళినా వెంట పెట్టుకునే ఆమె కుట్టుపని డబ్బా బోర్లించాను. రీళ్ళు, వేలితొడుగు, కత్తెర, వాటి కింద ఒక రేకుడబ్బా. దాన్నిండా బిళ్ళల కాగితాలు, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉన్నాయి.

"చూశారా అల్లుడుగారూ! నాలుగే తింటుందిట! ఇవి నాలుగా? నాలుగొందలున్నాయి! మా కార్ఖానాలో నెలంతా చేసే సరుకు మీ అత్తగారి కడుపులోకే పోతోంది!"

"మావయ్యా, కొంచెం నెమ్మదిగా," అన్నాడు అల్లుడు. కానీ అతని చూపు కూడా ఆ డబ్బా మీదే ఉంది. కూతురు ఇంకో అడుగు ముందుకేసింది. "అమ్మా, కళ్ళు పోతాయే నీకు. చిన్నపిల్లవా?"

మా ఆవిడ గోడ పట్టుకుని నించుంది. "నేను రాసే పుస్తకం తీసి లెక్కపెట్టండి. రోజుకు నాలుగు చొప్పున దాచాను. ఎవరో ఒకరు ఈ మాట అంటారని తెలిసే దాచాను."

"లెక్కపెట్టేదేముంది! దొంగకు సాక్ష్యం కూడానా?"

అన్నాను. కాగితాలు ఎవరమూ లెక్కపెట్టలేదు. ఆమె వంగి, నేల మీద చేత్తో తడుముకుంటూ రీళ్ళు ఏరుకుంది. ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. దాన్నీ తడుముకుని తీసింది. మేం ముగ్గురం చూస్తూ నించున్నాం.

తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే మూతి ముడుచుకుని కూర్చోవడం కాదు. టీ ఇస్తుంది, చొక్కా ఇస్తుంది, నేనేదైనా అడిగితే గోడకు జవాబు చెబుతుంది. "ఆయనకు ఉప్పు కావాలిట," అని గోడతో అంటుంది. మా ఇంటి గోడకు నాకన్నా ఎక్కువ మర్యాద దక్కింది ఆ రోజుల్లో.

పదో రోజు ఆదివారం. కూతురింట్లో భోజనం. అల్లుడి ఆఫీసు స్నేహితుడు ఒకడు వచ్చాడు. నేను చాక్లెట్ల మేస్త్రినని తెలియగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. నాకింకేం కావాలి? నా దగ్గర కథలకు కొదవ లేదు. కాగు ఆవిరి పీల్చి మా కార్ఖానా పిల్లి మీసాలు గోధుమరంగుకు తిరిగిన కథ ఉంది. వేసవిలో కరెంటు పోతే రెండొందల కిలోల చాక్లెట్టు వాగులా పారి, మేనేజరు బూట్లతో సహా వీధి మలుపు దాకా జారిపోయిన కథ ఉంది. వాటిల్లో ఏది జరిగిందో ఏది జరగలేదో నాకే గుర్తుండదు. ఆ రోజు ల్యాబు కథ ఎత్తుకున్నాను, కొత్తమనిషి కాబట్టి మొదట్నుంచి. దాని చివరి ముక్క మా ఇంట్లోవాళ్ళు వందసార్లు విన్నారు కాబట్టి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఏదో కాజా తడుముకుంటోంది.

"మూడేళ్ళయిందండీ. బిళ్ళల్లో ఏముందో అంకెలు వేసి అమ్మాలని పైనుంచి ఉత్తరం. ఒక కిలో నమూనా ల్యాబుకు పంపమన్నారు. నేను చిన్నప్పుడు చదివిన బళ్ళో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే, మా మాస్టారు తెలివైన ముగ్గుర్ని ముందు బల్ల మీద కూర్చోబెట్టి నాలాంటివాళ్ళను దొడ్డి వెనక చెట్లకు నీళ్ళు పొయ్యమనేవాడు. అది నేను నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం! పెద్దవాళ్ళ ముందుకెళ్ళే సరుకును చింపిరి జుట్టుతో పంపుతామా? ఆ ఒక్క కిలోకి వేరే రుబ్బుడు వేశాను. కోకో వెన్న ధారపోశాను. పాలపొడి మేలిరకం వేశాను. చక్కెర సగానికి సగం కోసేశాను. ల్యాబులో తెల్లకోటు ఆయన ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూశాడుట, సాయంత్రం దాకా తెరవలేదుట. వాళ్ళావిడొచ్చి చెయ్యి పట్టుకుని..."

"ఆగు."

తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట.

"చక్కెర ఎంత కోశావు?"

"కథే, చెప్పనీ. వాళ్ళావిడొచ్చి..."

"ఆవిడ సంగతి నాకెందుకు! చక్కెర ఎంత కోశావు?"

"సగం."

"నిజంగానా, నీ పిల్లి మీసాల్లాగానా?"

స్నేహితుడు నవ్వబోయి ఆగిపోయాడు. నేను ఆలోచించుకున్నాను. నా కథలన్నిట్లోకీ ఇందులో ఒక ముక్క మాత్రం అచ్చంగా జరిగింది. తెల్లకోటు ఆయన్ను నేను చూడలేదు. కానీ ఆ కిలో నా చేత్తోనే తూచాను. చక్కెర సగమే వేశాను.

"నిజంగానే," అన్నాను.

"అంటే కాగితం వెనక ఉన్న ఏడు గ్రాములు ఆ బిళ్ళవి. నేను తింటున్నవి కావు."

నేనెప్పుడూ కాగితం వెనక చదవలేదు. నా బిళ్ళలో ఏముందో కాగితం నాకు చెప్పాలా అనుకునేవాణ్ణి. ఆమె కుట్టుపని డబ్బాలోంచి ఒక కాగితం తీసి నా ఒళ్ళోకి విసిరింది. చదివాను. కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాలు ఏడు, అందులో చక్కెర ఐదు. మామూలు బిళ్ళలో నేను చక్కెరే పది గ్రాములు పోస్తాను. పాలపొడిలోది కలిపితే పన్నెండుకు తక్కువ ఉండదు. రోజుకు నాలుగు బిళ్ళలు. రోజుకు ఇరవై గ్రాములు సూదికి అందకుండా ఆమె ఒంట్లోకి వెళ్ళిపోతున్నాయి. ఏడాదిగా. నేనే పోస్తున్నాను, నేనే దొంగ అంటున్నాను.

"నాన్నా!" అంది కూతురు.

మా ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "రేపు నన్ను మీ కార్ఖానాకు తీసుకెళ్ళు," అంది. అంతే. గోడతో కాదు, నాతోనే అంది.

మా యజమాని వయసులో నా కూతురు ఈడువాడు. పెద్దాయన పోయాక గద్దె ఎక్కాడు. మేమంతా అబ్బాయిగారు అంటాం. మర్నాడు పదింటికి అతని గదిలో ఇద్దరం కూర్చున్నాం. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"మనం అబద్ధం రాయలేదు కదా మేస్త్రీ. ల్యాబువాళ్ళు ఏం చెబితే అదే వేశాం."

"ల్యాబుకు వెళ్ళింది మన సరుకు కాదు అబ్బాయిగారూ. నేను వేయించిన వేషం."

"అది నువ్వు చేసిన పని. నేను చెయ్యమన్నానా? కాగితాలు ఇంకో ఆర్నెల్లకు సరిపడా గదినిండా ఉన్నాయి. అవి అయిపోనీ, చూద్దాం. అయినా అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు చెప్పు?"

మా ఆవిడ తల అటు తిప్పింది. అతని మొహం ఆమెకు మసగ్గా ఒక ముద్దలా కనబడుతుంది, అంతే. సరిగ్గా ఆ ముద్దను చూసి చెప్పింది.

"నేను చదువుతాను బాబూ. రెండు కళ్ళ మీదా పొరలున్నదాన్ని. భూతద్దం పెట్టుకుని, కిటికీ దగ్గరికెళ్ళి, ఒక్కో అంకె చదువుతాను. చదవలేనివాళ్ళు మోసపోరు. చదివినవాళ్ళే మోసపోతారు నీ కాగితంతో."

"పెద్దమ్మా, రోజుకు నాలుగు చాక్లెట్లు తింటే ఎవరికైనా..."

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో నా గొంతు పైకి లేవలేదు. ఆ రోజు అద్దాలు అదిరాయి. "ఆకుపచ్చ అక్షరాలు ఎవరు వేయించారు? తక్కువ చక్కెర అని నేను వేయించానా? నేను చేసింది వెధవపని, ఒప్పుకుంటున్నాను. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించింది ఎవరు?"

"కూర్చో," అంది మా ఆవిడ నాతో. "నీ కోపం నాకు అక్కర్లేదు. నా దగ్గర నాది బోలెడుంది."

ఆమె సంచీలోంచి రక్తం చూసే మిషను తీసి బల్ల మీద పెట్టింది. వేలు గుచ్చుకుంది. "ఎంత?" అని అబ్బాయిగారినే అడిగింది. అతను తప్పక వంగి చూశాడు. నూట ముప్ఫై రెండు.

"నాలుగు బిళ్ళలు తెప్పించు. నువ్వు తెప్పించు. ఈయన ముట్టుకోకూడదు."

బల్ల దగ్గర కాగితాలు చుట్టే అమ్మాయి తెచ్చింది. ఆమెను అందరం చిటికె అంటాం, చిటికెలో బిళ్ళ చుట్టేస్తుంది కాబట్టి. మా ఆవిడ కాగితం ప్రకారం నాలుగు యూనిట్లు సూది వేసుకుని, నాలుగు బిళ్ళలూ ఒకదాని తర్వాత ఒకటి నమిలింది. రుచి చూస్తున్నట్టు కాదు, మాత్రలు మింగుతున్నట్టు. నాలుగు కాగితాలూ మడిచి అతని ముందు పెట్టింది.

"రెండు గంటలు ఇక్కడే కూర్చుంటాను. నీ పని నువ్వు చేసుకో బాబూ."

పని ఎక్కడ సాగుతుంది? ఫోను మోగితే బయటికెళ్ళి మాట్లాడాడు. తిరిగొచ్చి ఆమె ఇంకా ఉందని చూసి మళ్ళీ బయటికెళ్ళాడు. ఏసీ పెంచాడు, తగ్గించాడు. కాఫీ కావాలా అని అడిగాడు. "అందులో ఎన్ని గ్రాములో చెప్పగలవా?" అంది. మళ్ళీ అడగలేదు. సంచీలోంచి చొక్కా తీసి కాజా కుట్టుకుంటూ కూర్చుంది. ఒకసారి సూది వేలికి దిగింది. చప్పుడు చెయ్యకుండా వేలు నోట్లో పెట్టుకుంది. ఆ రెండు గంటల్లో నేను నా జీవితంలో మొదటిసారి ఒక్క కథ కూడా చెప్పకుండా కూర్చున్నాను.

చిటికె ఊరుకోలేదు. బల్ల దగ్గర అందరికీ చెప్పేసినట్టుంది. పన్నెండు దాటేసరికి గది తలుపు దగ్గర ఐదుగురు నించున్నారు. చేతుల్లో చుట్టని బిళ్ళలున్నాయి.

మళ్ళీ వేలు గుచ్చుకుంది. "ఎంత?"

అబ్బాయిగారు చూశాడు. చిటికె లోపలికొచ్చి అతని భుజం మీంచి వంగి చదివింది. "రెండొందల యాభై ఒకటి."

చిటికె చేతిలో బిళ్ళను బల్ల మీద పెట్టింది. "మా నాన్నకు రోజూ రెండు పట్టుకెళ్తున్నాను పెద్దమ్మా. ఆ పచ్చ అక్షరాలు చూసే." అబ్బాయిగారి వైపు తిరిగింది. "ఇంక ఈ కాగితం నేను చుట్టను సార్. మీరు ఇంకెవరితోనైనా చుట్టించుకోండి."

మిగతా నలుగురూ బిళ్ళలు అక్కడే పెట్టేశారు. అబ్బాయిగారు ఆ బిళ్ళల కుప్పను చూశాడు. మొహం కందగడ్డలా అయింది.

"సరే," అన్నాడు చివరికి. "మళ్ళీ నమూనా పంపుదాం. మేస్త్రీ, ఒక కిలో మంచిది చూసి..."

"మంచిది చూసి!" మా ఆవిడ గొంతు అప్పుడు లేచింది. అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. "మంచిది చూసే కదా నా కళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి! ఇద్దరూ పక్కకు జరగండి!"

చిటికె చెయ్యి పట్టుకుని చుట్టే బల్ల దగ్గరికి నడిచింది. ఆ రోజు రుబ్బుడులోంచి, ఊడిపడ్డవి ఊడిపడ్డట్టు, తడుముకుని ఏరింది. మూల విరిగిందీ, బుడగ పడిందీ, మెరుపు పోయిందీ, చేతికి ఏది తగిలితే అది. పెట్టెలో పోసి మూత మీద తన దారంతో కుట్టు వేసింది. ఆ కుట్టు కత్తెర లేకుండా విప్పడం నా వల్ల కూడా కాదు.

దారిలో నేను నోరు తెరవబోయాను.

"ఇప్పుడు కాదు," అంది. "చెబుతావు. ఎవరెవరి ముందు నన్ను ఆ మాట అన్నావో వాళ్ళందరి ముందూ చెబుతావు. కానీ నా కళ్ళు బాగయ్యాక. చెప్పేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి."

ల్యాబు నుంచి పదిహేను రోజులకు కాగితం వచ్చింది. పిండిపదార్థాలు పన్నెండు. గదినిండా ఉన్న పాత కాగితాలు చిత్తుకాగితాల గుజరీకి పోయాయి. ఆకుపచ్చ అక్షరాలు పోయాయి. ఆ పచ్చ అక్షరాల కోసం కొనేవాళ్ళు కొందరు మానేశారు. అబ్బాయిగారు నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. మా ఆవిడ నాలుగు బిళ్ళల్ని రెండు చేసింది, లెక్క సరిచేసుకుంది. మూడు నెలలకు ఏడూ ఎనిమిది వచ్చింది. కళ్ళ డాక్టరు ఈసారి తల ఎత్తి ఆమెను చూశాడు. అయినా అతను క్షమించమని అడగలేదు, ఆమె అది నాకు రెండుసార్లు గుర్తుచేసింది.

రెండో కంటి కట్టు విప్పిన వారానికి కూతురింటికి వెళ్ళాం. ఆమె తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ ఎంచుకుంది. కూతుర్ని చూసింది. అల్లుణ్ణి చూసింది. తర్వాత నన్ను. కట్టు విప్పాక ఆ చూపు అంతసేపు నా మీద నిలవడం అదే మొదలు. ఎక్స్‌రే తీసినట్టుంది.

"చెప్పు."

గొంతు సవరించుకున్నాను. "మూడేళ్ళ కిందట పైనుంచి ఉత్తరం వచ్చింది. నేను ల్యాబుకు చక్కెర సగం కోసిన బిళ్ళలు పంపాను. ఆ అంకెలు నమ్మి మీ అమ్మ సూది వేసుకుంది. తప్పు నాది. ఆమె ఒక్క బిళ్ళ కూడా ఎక్కువ తినలేదు. నేను దొంగ అన్నాను. అప్పుడు మీ అమ్మ కళ్ళల్లోంచి నిప్పులు కురిసి, మన కిటికీ కర్టెన్లు..."

"కర్టెన్లు ఏమయ్యాయి?" అంది ఆమె.

నేను దారికొచ్చాను. "ఏమీ కాలేదు."

"మళ్ళీ మొదట్నుంచి," అంది, సూదిలో దారం ఒక్క గుచ్చుకు ఎక్కిస్తూ. "కర్టెన్లు లేకుండా."